ఇంట్లో కుక్క, వీధిలో చట్టం: నగరంలో పెంపుడు జంతువుల యజమానుల బాధ్యతలు ఏమిటి?

2023 జనవరిలో హైదరాబాద్‌లోని బంజారాహిల్స్‌లో ఒక ఇంటికి ఆహారం అందించేందుకు ఓ యువకుడు వెళ్లాడు. ఆ ఇంటి పెంపుడు కుక్క మొరుగుతూ మీదికి రావడంతో ప్రాణభయంతో పరుగుతీసి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఆసుపత్రిలో చికిత్స పొందుతూ కన్నుమూశాడు. కుక్క యజమానిపై పోలీసులు కేసు నమోదు చేశారు.

ఆ ప్రాణం పోయింది కుక్క కాటు వల్ల కాదు, కింద పడటం వల్ల. అయినా యజమాని చట్టం ముందు నిలబడవలసి వచ్చింది. నగరాల్లో కుక్కను పెంచే ప్రతి కుటుంబమూ గమనించవలసిన విషయం ఇదే. పెంపుడు జంతువు ఇంట్లో ఎంత సాధువుగా ఉన్నా, బయటివారి విషయంలో దాని ప్రవర్తనకు జవాబుదారీ యజమానే.

ఈ జవాబుదారీతనాన్ని ఒకే చట్టం నిర్దేశించడం లేదు. లైసెన్సు నగరపాలక సంస్థ ఇస్తుంది. జంతువు సంక్షేమాన్ని కేంద్ర చట్టం చూస్తుంది. మనిషికి హాని జరిగితే శిక్షా స్మృతి రంగంలోకి వస్తుంది. ఏ చట్టం ఎక్కడ వర్తిస్తుందో తెలియకపోవడం వల్లనే అపార్టుమెంట్లలో సగం తగాదాలు పుడుతున్నాయి.

లైసెన్సు ఎందుకు?

పెంపుడు కుక్కల నమోదు మన నగరాలకు కొత్త కాదు. ఢిల్లీలో 1957 నాటి నగరపాలక చట్టంలోని 399వ సెక్షన్ కుక్కల నమోదుకు ఆధారం. హైదరాబాద్‌లో 1955 నాటి నగరపాలక చట్టం అమలులో ఉంది. ఇక్కడ పశువైద్య విభాగం ద్వారా కార్పొరేషన్ లైసెన్సులు జారీ చేస్తుంది. చెన్నై, బెంగళూరు, ముంబయి వంటి నగరాల్లోనూ ఇదే పద్ధతి ఉంది. రుసుము, గడువు, జరిమానా నగరాన్ని బట్టి మారుతాయి. కనుక దరఖాస్తుకు ముందు స్థానిక కార్పొరేషన్ వెబ్‌సైటులో గానీ వార్డు కార్యాలయంలో గానీ విచారించుకోవడం మంచిది.

యజమాని చిరునామా రుజువు, కుక్క ఫొటో, జాతి, వయసు వివరాలతో పాటు రేబిస్ టీకా వేయించినట్లు పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం సాధారణంగా అడుగుతారు. లైసెన్సు అసలు ప్రయోజనం ఈ చివరి పత్రంలోనే ఉంది. టీకా లేనిదే లైసెన్సు లేదు. లైసెన్సును ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవాలంటే టీకా కూడా సమయానికి పడి తీరాలి. కుక్క తప్పిపోయినప్పుడు యజమాని ఆచూకీ తెలియడానికి, వీధి కుక్కలను పట్టే సిబ్బంది పెంపుడు కుక్కను గుర్తించడానికి కూడా మెడపట్టీకి ఉన్న నమోదు బిళ్ల ఉపయోగపడుతుంది.

టీకా: ఇంటికీ, వీధికీ రక్ష

మనుషులకు సోకే రేబిస్ కేసుల్లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడిన తర్వాత ఈ వ్యాధి దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. అయితే టీకాతో దీనిని పూర్తిగా నివారించవచ్చు. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో తొలి రేబిస్ టీకా వేయించి, ఆ తర్వాత పశువైద్యుని సలహా మేరకు క్రమం తప్పకుండా మళ్లీ వేయించాలి. 2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన జంతు జనన నియంత్రణ నిబంధనలు ఈ బాధ్యతను స్పష్టం చేశాయి. వీధి కుక్కలకు టీకాలు, సంతాన నిరోధక శస్త్రచికిత్సలు స్థానిక సంస్థల పని. పెంపుడు కుక్క విషయంలో నులిపురుగుల మందు, టీకాలు, శస్త్రచికిత్స అన్నీ యజమాని పనే. పిల్లి ద్వారా కూడా రేబిస్ సోకే అవకాశం ఉన్నందున దానికీ టీకా అవసరం. ఇల్లు దాటని పిల్లే కదా అని ఉపేక్షించడం సరికాదు.

వీధిలో నడిపించేటప్పుడు

ఉదయం, సాయంత్రం కుక్కను బయటికి తీసుకువెళ్లేటప్పుడు మెడపట్టీకి గట్టి తాడు లేదా బెల్టు ఉండాలి. దాని రెండో కొసను కుక్కను అదుపు చేయగల పెద్దవారు పట్టుకోవాలి. బలమైన కుక్కను చిన్నపిల్లల చేతికిచ్చి పంపడం ప్రమాదకరం. 2024 మేలో చెన్నైలోని ఒక ఉద్యానవనంలో రెండు రాట్‌వీలర్ కుక్కలు అయిదేళ్ల బాలికపై దాడి చేసి తీవ్రంగా గాయపరిచాయి. యజమానిని పోలీసులు అరెస్టు చేశారు. ఆ సంఘటన తర్వాత లైసెన్సు, బెల్టు విషయంలో చెన్నై కార్పొరేషన్ పట్టు బిగించింది.

మూతికి చిక్కం వేయడం కుక్క స్వభావాన్ని బట్టి, స్థానిక నిబంధనలను బట్టి ఉంటుంది. కొత్తవారిని చూస్తే మీదికి ఉరికే అలవాటున్న కుక్కకు రద్దీ ప్రదేశాల్లో చిక్కం వేయడం యజమానికే క్షేమం. అయితే కుక్క నోరు కొద్దిగా తెరిచి రొప్పగలిగేలా చిక్కం వదులుగా ఉండాలి. కుక్కలు ప్రధానంగా రొప్పడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటాయి. మన ఎండల్లో నోరు పూర్తిగా బిగించి కడితే వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

వీధిలో కుక్క చేసిన మలినాన్ని యజమానే ఎత్తివేయాలి. కాగితం లేదా సంచీ వెంట తీసుకువెళితే సరిపోయే పని ఇది. వానాకాలంలో ఆ మలినం నీటితో కలిసి పిల్లలు ఆడుకునే చోటికి చేరుతుంది. అందులోని నులిపురుగుల గుడ్లు మట్టిలో చాలాకాలం బతికి ఉంటాయి. హైదరాబాద్‌లోని కొండాపూర్‌లో 2018లో కుక్కల కోసమే ఒక ప్రత్యేక పార్కును ప్రారంభించారు. అటువంటి వసతి అందుబాటులో ఉన్నవారు దానిని వాడుకుంటే కాలనీ పార్కుల మీద ఒత్తిడి తగ్గుతుంది.

అపార్టుమెంటు సంఘం ఏం చేయవచ్చు? ఏం చేయకూడదు?

నివాసుల సంక్షేమ సంఘాలకు, కుక్కలను పెంచేవారికి మధ్య వివాదాలు పెరగడంతో భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం సర్వసభ్య సమావేశంలో మెజారిటీ తీర్మానం చేసినా, పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించే అధికారం సంఘానికి లేదు. ఫలానా జాతి, ఫలానా పరిమాణం కుక్కలు వద్దని వివక్ష చూపడం కూడా కుదరదు. లిఫ్టు ఎక్కనివ్వకపోవడం, అందుకు అదనపు రుసుము వసూలు చేయడం సమంజసం కాదని మార్గదర్శకాలు పేర్కొన్నాయి.

కుక్క మొరుగుతోందన్న ఒక్క కారణంతో దానిని పంపించివేయాలని ఒత్తిడి చేయకూడదు. అదే సమయంలో, ముఖ్యంగా రాత్రివేళల్లో, కుక్కను నిశ్శబ్దంగా ఉంచేందుకు యజమానులు ప్రయత్నించాలని అవే మార్గదర్శకాలు సూచించాయి. ఒంటరిగా గంటల తరబడి బాల్కనీలో కట్టివేసిన కుక్క మొరగక మానదు. చాలాచోట్ల పొరుగువారి ఫిర్యాదుకు పరిష్కారం కుక్కకు తగినంత నడక, తోడు కల్పించడంలోనే ఉంటుంది.

లిఫ్టు ఎక్కే ముందు లోపల ఉన్నవారికి అభ్యంతరమేమైనా ఉందా అని అడగడం, భయపడే పిల్లలు, వృద్ధులు ఉంటే తర్వాతి లిఫ్టు కోసం ఆగడం ఏ చట్టంలోనూ రాసి ఉండకపోవచ్చు. కానీ వివాదాలు ముదరకుండా ఆపేది ఇటువంటి మర్యాదే. అద్దె ఇళ్లలో ఉండేవారు ఒప్పందంలో జంతువుల గురించిన షరతు ఏమిటో ముందుగానే చూసుకోవాలి. ఇంట్లో చేరిన తర్వాత తలెత్తే తగాదాలో చివరికి నిలువనీడ కోల్పోయేది చాలాసార్లు ఆ మూగజీవమే.

ఇంటికి వచ్చేవారి విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాలు, పత్రిక, సరుకులు, ఉత్తరాలు తెచ్చేవారు తమ పని మీద వస్తారు. కుక్కను లోపల కట్టివేసిన తర్వాతే తలుపు తీయాలి. ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అనే బోర్డు హెచ్చరిక మాత్రమే. అది యజమాని బాధ్యతను తొలగించదు.

కరిస్తే ఏమవుతుంది?

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ జంతువుల విషయంలో నిర్లక్ష్యాన్ని నేరంగా పరిగణిస్తుంది. తన అధీనంలోని జంతువు వల్ల మనిషి ప్రాణానికి ప్రమాదం గానీ తీవ్ర గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి 6 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. పాత శిక్షా స్మృతిలోని 289వ సెక్షన్‌లో ఈ జరిమానా 1,000 రూపాయలే ఉండేది. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించిందని రుజువైతే 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. బాధితులు పరిహారం కోరుతూ సివిల్ కోర్టును ఆశ్రయించడానికీ అవకాశం ఉంది.

అయితే కాటు పడిన క్షణంలో కేసు కన్నా చికిత్స ముఖ్యం. గాయాన్ని వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాల పాటు కడగాలి. పసుపు, సున్నం, కారం వంటివి పూయరాదు. గాయం చిన్నదైనా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. చర్మం చీలి రక్తం వస్తే టీకాతో పాటు గాయం వద్ద రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వవలసి ఉంటుంది. డాక్టరు చెప్పిన తేదీల్లో అన్ని మోతాదులూ పూర్తి చేయాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం, నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి ఈ చికిత్సకు చిరకాలంగా పేరున్న ప్రభుత్వ కేంద్రాలు.

తమ కుక్క ఎవరినైనా కరిస్తే దాని టీకా పత్రాన్ని బాధితునికి, వైద్యునికి చూపడం యజమాని కనీస ధర్మం. ఆ కుక్కను 10 రోజుల పాటు విడిగా ఉంచి గమనించాలి. ఆ గడువులో అది జబ్బుపడినా, చనిపోయినా వెంటనే తెలియజేయాలి. భయంతో దానిని ఊరి బయట వదిలేస్తే బాధితుని చికిత్సకు కీలకమైన సమాచారం అందకుండా పోతుంది.

జంతువు పక్షాన చట్టం

యజమాని బాధ్యత పొరుగువారి పట్ల మాత్రమే కాదు, పెంచుకుంటున్న ప్రాణి పట్ల కూడా ఉంది. రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న ప్రముఖ నర్తకి రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలితంగా 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు.

ఈ చట్టంలోని 11వ సెక్షన్ చాలామంది ఊహించని పనులను కూడా నేరాలుగా పేర్కొంది. జంతువును కొట్టడం మాత్రమే కాదు, మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో అసమంజసంగా ఎక్కువసేపు కట్టివేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు వ్యాయామం లేకుండా చేయడం, తిండి, నీరు, నీడ కల్పించకపోవడం, సరైన కారణం లేకుండా వదిలివేయడం ఆ జాబితాలో ఉన్నాయి. అయితే తొలిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. 1960లో ఆ మొత్తానికి ఉన్న విలువ నేడు లేదు. శిక్షలు పెంచాలన్న జంతు సంరక్షకుల వాదనకు ఇదే మూలం. జంతువును చంపడం, అవిటిదాన్ని చేయడం మాత్రం తీవ్రమైన నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద దానికి 5 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

కొనే ముందు తెలుసుకోవలసినవి

కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో, పెంపుడు జంతువుల దుకాణాలపై 2018లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. వీటి ప్రకారం పెంపకందారులు, దుకాణదారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. నమోదు పత్రం చూపలేని చోట కొనకపోవడమే ఉత్తమం.

ప్రమాదకరమైనవిగా భావించే 23 జాతుల కుక్కలపై నిషేధం విధించాలంటూ 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దానిని కొట్టివేసింది. అయినప్పటికీ కొన్ని నగరాలు సొంతంగా ఆంక్షలు విధించినందున, జాతిని ఎంచుకునే ముందు స్థానిక నియమం తెలుసుకోవాలి.

రామచిలుకను పంజరంలో పెంచడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. చిలక జోస్యం చెప్పేవారు నేటికీ కనిపిస్తారు. కానీ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అయిన ఈ చిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదృష్టం తెస్తుందనే నమ్మకంతో కొనే నక్షత్ర తాబేలుకూ ఇదే చట్టం వర్తిస్తుంది. అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోకి వచ్చే విదేశీ పక్షులు, జంతువులను పెంచేవారు 2024 నిబంధనల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

దత్తత తీసుకుంటే

వీధి కుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో పెంపకందారులకు సంబంధించిన ఒక ముఖ్యాంశం ఉంది. జంతు ప్రేమికులు స్థానిక సంస్థకు దరఖాస్తు చేసి వీధి కుక్కలను దత్తత తీసుకోవచ్చు. అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధికి చేరకుండా చూసే బాధ్యత వారిదేనని కోర్టు స్పష్టం చేసింది.

బదిలీ అయిందనో, బిడ్డ పుట్టిందనో, కుక్కకు జబ్బు చేసిందనో దానిని తెలియని వీధిలో వదిలి వచ్చేవారు ఉన్నారు. ఇంటి తిండికి అలవాటుపడిన ఆ ప్రాణికి వీధిలో బతకడం తెలియదు. బతికితే, శస్త్రచికిత్స జరగని ప్రతి ఆడకుక్క ఈతకు నాలుగైదు పిల్లలను ఆ వీధికే చేరుస్తుంది. కుక్క ఆయుర్దాయం పది నుంచి పదిహేనేళ్లు. అన్నేళ్ల పాటు దానికయ్యే ఖర్చు, సమయం, ఊరు వెళ్లినప్పుడు ఎవరు చూస్తారన్న ప్రశ్న కుక్కపిల్లను ఇంటికి తేవడానికి ముందే కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవాలి. సాధ్యం కాదనుకుంటే తేకపోవడమే ఆ ప్రాణికి చేసే మేలు. తెచ్చుకుంటే మాత్రం టీకా, లైసెన్సు, బెల్టు అన్న మూడింటినీ మొదటి నెలల్లోనే సమకూర్చుకోవాలి.