జవహర్ నవోదయ విద్యాలయం, చొప్పదండి

జవహర్ నవోదయ విద్యాలయం, తెలంగాణ రాష్ట్రం, కరీంనగర్ జిల్లా, చొప్పదండిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల. ఇక్కడ 6 నుండి 12వ తరగతి వరకు బాలబాలికలు కలిసి చదువుకుంటారు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాకు చెందిన నవోదయ విద్యాలయం కాగజ్‌నగర్‌లో ఉంది. ఈ రెండూ నవోదయ విద్యాలయ సమితి హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయ పరిధిలోనివి.

నేపథ్యం

గ్రామీణ ప్రాంతాల్లోని ప్రతిభావంతులైన పిల్లలకు ఉచితంగా నాణ్యమైన విద్య అందించాలని 1986 జాతీయ విద్యావిధానం నిర్దేశించింది. అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి పి.వి.నరసింహారావు పూర్వపు కరీంనగర్ జిల్లా వంగర గ్రామంలో పెరిగినవాడు. మంథని నుండి శాసనసభకు ఎన్నికైనవాడు. ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభమైంది. నవోదయ విద్యాలయాలకు ఆ ప్రయోగమే పూర్వరూపమని చెప్పవచ్చు.

ప్రవేశం

5వ తరగతి చదువుతున్న జిల్లా విద్యార్థులు ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఒక విద్యార్థికి ఒకేసారి అవకాశం ఉంటుంది. పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు. సమయం 2 గంటలు. తెలుగులోనూ రాయవచ్చు. 6వ తరగతిలో గరిష్ఠంగా 80 మందిని చేర్చుకుంటారు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణులకు, మూడవ వంతు బాలికలకు కేటాయిస్తారు. షెడ్యూల్డు కులాలు, తెగలకు జిల్లా జనాభాలో వారి నిష్పత్తిని బట్టి సీట్లు ఉంటాయి.

సౌకర్యాలు

నవోదయ విద్యాలయాలకు భూమిని రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. తరగతి గదులు, ప్రయోగశాలలు, గ్రంథాలయం, వసతి గృహాలు, భోజనశాల, ఆటస్థలం, ఉపాధ్యాయుల నివాసాలు ఒకే ఆవరణలో ఉంటాయి. భోజనం, వసతి, దుస్తులు, పాఠ్యపుస్తకాలు ఉచితం. నిర్వహణ కమిటీకి జిల్లా కలెక్టరు అధ్యక్షత వహిస్తారు.

విద్యాబోధన

కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి పాఠ్యప్రణాళికను అనుసరిస్తారు. మొదటి రెండు మూడేళ్లు మాతృభాషలో బోధన సాగుతుంది. తరువాత గణిత, విజ్ఞాన శాస్త్రాలను ఆంగ్లంలో, సాంఘిక శాస్త్రాన్ని హిందీలో బోధిస్తారు. వలస పథకం క్రింద 9వ తరగతి విద్యార్థుల్లో 30 శాతం మందిని ఏడాదిపాటు హిందీ ప్రాంతపు విద్యాలయానికి పంపుతారు. అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. పదేళ్ల వయసులో ఇల్లు విడిచిన పిల్లలకు ఇది రెండవ ఎడబాటు. అయితే ఇతర రాష్ట్రాల భాషను, జీవనాన్ని దగ్గరగా తెలుసుకునే అవకాశమూ ఇదే.

క్రీడలు

దినచర్య ఉదయపు వ్యాయామంతో మొదలవుతుంది. విద్యార్థులను ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే నాలుగు సదనాలుగా విభజించి పోటీలు నిర్వహిస్తారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, హ్యాండ్‌బాల్, పరుగు పందాలు వంటి వాటిలో గెలిచినవారు ప్రాంతీయ, జాతీయ స్థాయి నవోదయ పోటీలకు వెళ్తారు. అక్కడ ఎంపికైనవారు జాతీయ పాఠశాలల క్రీడల్లో నవోదయ జట్టు తరఫున ఆడతారు.

జిల్లాల పునర్విభజన

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో చొప్పదండి కరీంనగర్ జిల్లాలోనే ఉండగా, కాగజ్‌నగర్ కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చేరింది. జిల్లాకొక నవోదయ అన్న లక్ష్యానికి కొత్త జిల్లాలు దూరమయ్యాయి. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తెలంగాణకు మంజూరు చేసిన 7 విద్యాలయాల్లో ఒకటి జగిత్యాల జిల్లాకు దక్కింది. పూర్వపు ఆదిలాబాద్ పరిధిలోని ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల జిల్లాలకు ఆ జాబితాలో చోటు లభించలేదు.