శ్రీసిటీ ఫోను, తిరుపతి టీవీ

ఫోనులోని వీడియో టీవీ తెర మీదికి రావాలంటే ముందు ఆ రెండూ ఒకదాని ఉనికిని ఒకటి కనిపెట్టాలి. అలా జతకూడే రెండు పరికరాలూ తిరుపతి జిల్లాలో తయారైనవే కావచ్చు. షావోమీ సంస్థ 2015లో ఫాక్స్‌కాన్ కంపెనీ ద్వారా శ్రీసిటీలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. 2018లో స్మార్ట్ టీవీల కోసం తిరుపతిలో ఫ్యాక్టరీ ఉన్న డిక్సన్ కంపెనీతో చేతులు కలిపింది. అయితే ఈ పరికరాలు మాట్లాడుకునే పద్ధతులు అంతకు ముందే, ఎవరైనా వాడుకోదగ్గ నియమాలుగా స్థిరపడ్డాయి. వేర్వేరు కంపెనీల ఫోనూ టీవీ ఒకే ఇంట్లో కలిసి పనిచేస్తున్నాయంటే ఆ నియమాల చలవే.

వైఫై చిప్పుకు తయారీలోనే 48 బిట్ల గుర్తింపు సంఖ్య పడుతుంది. అది మ్యాక్ అడ్రస్. అది కాక, వైఫై పాస్‌వర్డ్ కొట్టగానే టీవీ ఆ నెట్‌వర్క్‌లో తన చిరునామాగా ఒక ఐపీ అడ్రస్ ఇవ్వమని రౌటర్‌ను అడుగుతుంది. రౌటర్ తన వరుసలోంచి 192.168.1.7 లాంటిదొకటి కొంతకాలానికని ఇస్తుంది. ఈ పంపకం చేసే డీహెచ్‌సీపీ నియమావళి 1993లో వెలువడింది. 192.168తో మొదలయ్యే అడ్రసులు లోపలి వాడకానికే. బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. కాబట్టి చిత్తూరులో ఒక టీవీకి, పీలేరులో మరో టీవీకి ఒకే అడ్రస్ ఉన్నా తగాదా లేదు.

అడ్రస్ వచ్చినంత మాత్రాన టీవీ ఎక్కడుందో ఫోనుకు తెలియదు. ఈ చిక్కును విప్పిన తీరే మొత్తం కథలో అందమైన భాగం. ఊళ్లో దండోరా వేసినట్టు, ‘వీడియో వేయగల పరికరం ఏదైనా ఉందా’ అని ఫోను 224.0.0.251 అనే ఉమ్మడి అడ్రస్‌కు, 5353 పోర్టుకు, అంటే ఆ సేవకు కేటాయించిన ద్వారానికి, ఒక చిన్న ప్రశ్న పంపుతుంది. ఆ అడ్రస్‌ను ఆలకిస్తున్న పరికరాలన్నిటికీ ప్రశ్న చేరుతుంది. ప్రింటరు విని ఊరుకుంటుంది. టీవీ మాత్రం తన పేరు, ఐపీ అడ్రస్, తనతో మాట్లాడవలసిన పోర్టు చెబుతుంది. ఫోను తెర మీద ‘హాల్ టీవీ’ అని కనిపించేది అప్పుడే. మల్టికాస్ట్ డీఎన్‌ఎస్ అనే ఈ పద్ధతి రూపకర్తల్లో ముఖ్యుడు ఆపిల్ ఇంజనీరు స్టువర్ట్ చెషైర్. 2002లో ఆపిల్ కంప్యూటర్లలోకి వచ్చిన ఈ పద్ధతి 2013లో ఇంటర్నెట్ ప్రమాణపత్రంగా అచ్చయింది. పేర్ల పట్టికను ఒకచోట ఉంచి కాపాడే యంత్రమేదీ లేకుండానే పేర్లు తెలియడం దీని గొప్పతనం.

ఇంకో మెట్టు ఉంది. ఐపీ అడ్రస్ తెలిసినా, తరంగాల మీద డేటా పంపాలంటే మ్యాక్ అడ్రస్ కావాలి. ‘ఈ ఐపీ ఎవరిది’ అని మళ్లీ అందరినీ అడిగి దాన్ని రాబట్టే ఏఆర్‌పీ అనే పద్ధతి 1982 నాటిది. పైగా ఇంటి వైఫైలో ఫోను మాట సాధారణంగా నేరుగా టీవీకి పోదు; రౌటర్‌కు చేరి, అక్కడి నుంచి వస్తుంది. రౌటర్ మిద్దె మీది గదిలో ఉంటే, కింద పక్కపక్కనే ఉన్న రెండిటి మధ్యా మాట తడబడేది అందుకే.

యూట్యూబ్ వీడియోను ‘కాస్ట్’ చేసినప్పుడు ఫోను దాన్ని మోయదు. ఏ వీడియో కావాలో, ఎక్కడ ఆపాలో, శబ్దం ఎంత పెంచాలో మాత్రమే చెబుతుంది. వీడియోను టీవీయే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ వేగం ప్రకటించింది. టీవీ అలా తెచ్చుకునే హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ చాలు. ఫోను తెరనంతా చూపే మిర్రరింగ్ దీనికి భిన్నం. అందులో ప్రతి దృశ్యమూ ఫోను నుంచే వెళ్లాలి కనుక బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

ఇంట్లో చక్కగా నడిచిన ఈ ఏర్పాటు లాడ్జి వైఫైలో తరచూ నడవదు. అది లోపం కాదు. పక్క గదిలోని యాత్రికుడి ఫోనుకు ఈ గది టీవీ కనబడకూడదని అక్కడి వైఫై పరికరాలను ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసి ఉంచుతారు. ఇంట్లోనూ రెండో రౌటర్ పెట్టి వేరే నెట్‌వర్క్ ఏర్పరిస్తే ఇదే ఇబ్బంది. ఫోను వేసిన ప్రశ్న రౌటర్ దాటి అవతలి నెట్‌వర్క్‌లోకి పోదు. టీవీ కనబడనప్పుడు మొదట చూడవలసింది రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా లేదా అన్నదే.

ఇంటి వైఫైలోకి వచ్చినవాళ్లను నమ్మడం మీదే ఈ పద్ధతి చాలావరకు ఆధారపడింది. పాస్‌వర్డ్ తెలిస్తే అతిథి కూడా ఆ టీవీలో వీడియో వేయగలడు. ఇంట్లోని స్మార్ట్ బల్బులు, తాళాల విషయంలో అంత నమ్మకం పనికిరాదు. అందుకే అలాంటి పరికరాల కోసం 2022 అక్టోబరులో వెలువడిన మ్యాటర్ అనే ప్రమాణంలో కొత్త పరికరాన్ని చేర్చేటప్పుడు సాధారణంగా దాని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి, డిజిటల్ ధ్రువపత్రం సరిచూడాలి. ఆ తర్వాతి సందేశాలన్నీ రహస్య సంకేతాల్లో నడుస్తాయి. ఇంటి నెట్‌వర్క్‌లో పరికరాలను వెతకడానికి మాత్రం మ్యాటర్ కూడా పైన చెప్పిన తరహా డీఎన్‌ఎస్ ఆధారిత అన్వేషణనే వాడుకుంటోంది.