హక్కు: పిల్లలకు ముందే తెలిసిన మాట

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన పాతబస్తీలో ఎన్నో ఇళ్లల్లో పిల్లలు అమ్మతో ఉర్దూలోనే మాట్లాడతారు. తెలుగు వాళ్లకు బడిలో ఎదురయ్యే కొత్త భాష. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటి నుంచి పదో తరగతి దాకా తెలుగు నేర్పడం తప్పనిసరి. అందుచేత బడిలో పంతులమ్మలకూ, ఇంటి దగ్గర పాఠాలు చెప్పే అక్కయ్యలకూ ఒక చిక్కు వచ్చిపడింది. పిల్లకు పదేళ్లు, దాని తెలుగుకేమో ఒక్క ఏడాది. ఎంతసేపూ ఆవు, అరటిపండు అంటూ కూర్చుంటే దానికి విసుగు రాదూ?

పెద్ద సంగతులు చెప్పాలంటే మాటలు చాలవని భయపడతాం. కాని మనుషులు హక్కుల కోసం చేసిన పోరాటాల చరిత్రను చిన్న చిన్న మాటల్లోనే చెప్పవచ్చు. ఎలాగో చూడండి.

ముందు నల్లబల్ల మీద ‘హక్కు’ అని రాయండి. ఉర్దూ పిల్లలకు అది ‘హక్’. ఆ పక్కనే అర్జీ, ఫిర్యాదు, దరఖాస్తు, రద్దు, అమలు అని రాయండి. ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చి రెండు భాషల్లోనూ స్థిరపడిన మాటలే. ‘నాకు తెలుగు రాదు’ అనుకునే పిల్ల ‘అరే, ఇవి మా మాటలే’ అంటుంది. ఆ తర్వాత ‘మేరేకు పానీ హోనా’ అనే మన దక్కనీ వాక్యం కింద ‘నాకు నీళ్లు కావాలి’ అని రాసి చూపించండి. ఆ ‘కు’ రెండింటిలోనూ ఉంది! హక్కు అడగడానికి కావలసిన వాక్యం చేతికి వచ్చినట్లే.

ఇక ‘వెట్టి’. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో దొరలకూ, అధికారులకూ కూలి లేకుండా చేయవలసి వచ్చిన చాకిరీ అది. ఉర్దూలో దాన్ని ‘బేగార్’ అంటారు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో దాన్ని నిషేధించింది. ఇంగ్లీషు ప్రతిలో కూడా ‘బేగార్’ అనే మాటే ఉంది. ఈ సంగతి చెబితే పిల్లల కళ్లు మెరుస్తాయి.

కథ కోసం దూరం పోనక్కరలేదు. 1888లో మన హైదరాబాదులోనే పుట్టిన భాగ్యరెడ్డి వర్మ గారున్నారు. అంటరానివారని దూరంగా ఉంచిన ప్రజల కోసం 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. 1910లో ఇసామియా బజారులో బడి తెరిచారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, ‘పంచములు’ అనే పేరు మాకు వద్దన్నారు. పుట్టారు, పెట్టారు, తెరిచారు, వద్దన్నారు: భూతకాలం పాఠం కూడా ఇందులోనే అయిపోయింది.

ఇక్కడ ఒక్క క్రియ దగ్గర జాగ్రత్త పడాలి. ‘హక్కులు ఇచ్చారు’ అని నేర్పితే, ఎవరో దయతలచి ఇచ్చారని పిల్ల అనుకుంటుంది. ‘సాధించుకున్నారు’ అని నేర్పండి. పలకడం కాస్త కష్టమే అయినా, అసలు సంగతి ఆ ‘కున్నారు’లోనే ఉంది.

పై దేశం కథ కావాలంటే అమెరికా బస్సు కథ చెప్పండి. 1955 డిసెంబరు 1న మాంట్‌గొమరీ నగరంలో తెల్లవారి కోసం సీటు వదలమంటే రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ లేవలేదు. ఆమెను అరెస్టు చేశారు. నల్లజాతివారు 381 రోజులు బస్సులు ఎక్కడం మానేశారు. చివరికి ఆ వేరు సీట్ల పద్ధతి పోయింది. ‘లే’, ‘లేవను’. ఈ పాఠానికి రెండే మాటలు చాలు. తరగతి అంతా కలిసి ‘లేవను’ అనాలి. అంతేగాని ఒక పిల్లను నిలబెట్టి ‘నువ్వు అంటరానిదానివి, నువ్వు దొరసానివి’ అని నాటకం ఆడించకండి. నీ కులమేమిటని అడగనే అడగకండి. పాఠం పేరుతో పాత గాయం రేపినట్లవుతుంది.

చివరిగా మరొక చరిత్ర. 1921 నవంబరులో ఇదే హైదరాబాదులో, వివేకవర్ధినిలో సంఘసంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఒకనాడు తెలుగు మాట్లాడినందుకు నవ్విన ఊరు ఇది. ఈనాడు ఉర్దూ పిల్ల తెలుగు తడబడితే మనం నవ్వవచ్చునా? ఈ కథ పిల్లలకూ చెప్పండి, మీరూ గుర్తుంచుకోండి.

ఈ వారం పిల్లల చేత తెలుగులో ఒక అర్జీ రాయించి చూడండి. బడిలో కుళాయి పాడయిందనో, మైదానంలో ఆడుకోవడానికి ఆడపిల్లలకూ సమయం కావాలనో. రెండు వాక్యాలైనా సరే. తప్పులుంటే తర్వాత దిద్దవచ్చు. ముందు ఆ అర్జీని అందవలసిన వారికి అందించండి.