కాలిన గాయానికి శాతం ఎలా కడతారు?

కాలిన గాయంతో ఆసుపత్రికి వెళ్తే కేస్ షీటులో తప్పకుండా రాసే అంకె శాతం. ఎంత సెలైన్ ఎక్కించాలో దాన్నిబట్టే తేలుతుంది. దళితుల మీద యాసిడ్ దాడి జరిగితే, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాల కింద అందే సహాయమూ దాని మీదే ఆధారపడుతుంది. 2016 సవరణ ప్రకారం ఒంటి మీద 10 శాతం లోపు కాలితే 85 వేలు. 10 నుంచి 30 దాకా 4 లక్షల 15 వేలు. 30 దాటినా, ముఖం మీద 2 శాతం దాటినా 8 లక్షల 25 వేలు. అంటే తొమ్మిదికీ పదకొండుకీ తేడా 3 లక్షల 30 వేలు. అందుకే ఈ లెక్క మనకూ తెలియాలంటున్నాం.

పెద్దవాళ్లలో తల, మెడ కలిపి 9 శాతం. ఒక్కో చేయి 9, ఒక్కో కాలు 18. ఛాతీ, పొట్ట 18, వెనక వైపు మరో 18, మర్మాంగాలు 1. అక్కడక్కడా కాలితే బాధితుల సొంత అరచేయి, వేళ్లతో సహా, సుమారు 1 శాతమని కొలుస్తారు. పిల్లలకు తల పెద్దది, కాళ్లు చిన్నవి కాబట్టి వేరే చార్టు ఉంటుంది.

చర్మం ఎర్రబడితే లెక్కలోకి రాదు. బొబ్బలెక్కినవి, అంతకన్నా లోతైనవే వస్తాయి. చిక్కు ఇక్కడే ఉంది. కాలిన గాయం రెండు మూడు రోజులపాటు లోతుకు దిగుతూ ఉంటుంది. మొదటి రాత్రి ఎరుపుగా కనిపించింది మూడో రోజుకు బొబ్బ కావచ్చు. కాబట్టి మూడో రోజు మళ్లీ అంచనా వేసి కేస్ షీటులో రాయమని అడగాలి. బాధితులు ఒప్పుకుంటే తేదీతో ఫొటోలు తీసి ఉంచాలి. ఇంకో సంగతి: చర్మం పూర్తి లోతున కాలితే నరాలూ కాలిపోతాయి, అక్కడ నొప్పి తెలియదు. తోలులా గట్టిపడి తెల్లగానో నల్లగానో ఉంటుంది. "అరవట్లేదుగా, పెద్ద గాయమేం కాదు" అనే మాటను నమ్మకూడదు.

సెలైన్‌కు వాడుకలో ఉన్న ఒక సూత్రం: బరువును శాతంతో, మళ్లీ 4 మిల్లీలీటర్లతో గుణించడం. 50 కిలోల మనిషి 30 శాతం కాలితే 24 గంటల్లో 6 లీటర్లు. అందులో సగం మొదటి 8 గంటల్లో పోవాలి. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి లెక్క, ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాదు. ఊరి నుంచి రావడానికి 4 గంటలు పడితే, మిగిలిన 4 గంటల్లోనే ఆ 3 లీటర్లు ఎక్కించాలి. కాలిన సమయాన్ని కచ్చితంగా చెప్పడం అందుకే ముఖ్యం.

ఆసుపత్రికి ముందు చేయాల్సింది 20 నిమిషాలు పారే నీళ్లు పోయడం; యాసిడ్ అయితే ఇంకా ఎక్కువసేపు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. ఇంకు, టూత్‌పేస్ట్, దోసెపిండి రాయకూడదు. పుస్తకంలో ఇది తేలికైన సలహా. పేటలో కుళాయి వచ్చేది ఏ గంటకో. 1985లో కారంచేడు మొదలైంది కూడా చెరువు నీళ్ల దగ్గరే.

మూడు వారాల్లో మానని గాయానికి తొడ నుంచి పలుచగా చర్మం తీసి అతుకుతారు. అసలు నష్టం చాలాసార్లు ఆ తర్వాతే. మచ్చ బిగుసుకుని వేళ్లు, మోచేయి, మెడ ముడుచుకుపోతాయి. నెలల తరబడి కట్టు బద్దలు, వ్యాయామం ఉంటేనే వేళ్లు తెరుచుకుంటాయి. పత్తి తీసే చేతికి అది కూలి ప్రశ్న. డిశ్చార్జి కాగితంలో ఫిజియోథెరపీ తేదీలు రాయించుకోవాలి. వేళ్లు ముడుచుకుంటే వైకల్య ధ్రువపత్రం అడగాలి. వైకల్యానికి అదే నియమాల్లో వేరే సహాయం ఉంది.