ఓరుగల్లు: నామ పరిణామము

ఓరుగల్లు, ఏకశిలానగరము, సుల్తాన్‌పూరు, వరంగల్లు: ఒకే నగరమునకు ఈ నాలుగు పేర్లును చరిత్రయందు వినవచ్చుచున్నవి. వీనిలో ఏది జనుల నోట పుట్టినది, ఏది పండితులు కల్పించినది, ఏది ప్రభువులు విధించినది అను విచారణ స్థలనామ చరిత్రకే కాక సాహిత్య చరిత్రకును అవసరము.

కాకతీయుల తొలి రాజధాని అనుమకొండ. రుద్రదేవుని క్రీ.శ. 1163 నాటి ప్రసిద్ధ శాసనము అచ్చటి వేయిస్తంభముల గుడియందే కలదు. సమీపమున రుద్రదేవుడు ఆరంభించిన కోటను గణపతిదేవుడు పూర్తి చేయగా ఓరుగల్లు రాజధాని యైనది. కోటలోని ఏకశిలారూపమైన గుట్టయే ఈ పేరునకు మూలమని పలువురి అభిప్రాయము. 'ఒక' అను అర్థమున 'ఒరు' తమిళమున నేటికిని వాడుకలో నున్నది. 'కల్లు' అనగా రాయి. మన యిండ్లలోని సన్నికల్లు ఇందులకు సాక్షి. సమాసమున కకారము గకారమైనది.

విద్యానాథాదులగు సంస్కృత కవులు దీనినే ఏకశిలానగర మనిరి. ఇందువలన నొక చిక్కు కలిగినది. దేశ్యనామము ఒక్క చోటినే తెలుపును. అర్థము ననుసరించి చేసిన సంస్కృతనామము ఒంటిశిలతో సంబంధముగల మరియొక యూరికిని చెల్లును. కడప మండలమందలి ఒంటిమిట్టకును ఏకశిలానగరమను ప్రసిద్ధి కలదు. పోతన నివాసమును గూర్చిన వివాదమునకు ఇదియొక ముఖ్యకారణము. కావున ఈ పేరొక్కటియే ప్రమాణము కాజాలదు. ఆయన యింటిపేరైన బమ్మెర ఓరుగల్లు ప్రాంతమున గ్రామముగా నుండుట వంటి ఆధారములను గూడ చేర్చి చూడవలెను.

1323లో ఉలుగ్‌ఖాను కోటను జయించి నగరమునకు సుల్తాన్‌పూరని పేరిడెను. కాపయనాయకుడు నగరమును తిరిగి గైకొన్న పిదప ఆ పేరు నిలువలేదు. రష్యాలోని త్వేర్ నగరమునకు 1931లో కాలినిన్ అను పేరిడగా, 1990లో పూర్వనామమే మరల వచ్చినది. అచ్చట పాతపేరును ప్రభుత్వోత్తరువు నిలిపినది. ఇచ్చట జనవ్యవహారమే నిలిపినది.

పారసీక రచయితల 'అరంగల్' రూపమున బిందువు గలదు. 'ఓరుంగల్లు' అను ప్రాచీనరూపమందలి బిందువే అది యని మా యూహ. పదాదియందలి ఓకారమునకు వకారచ్ఛాయ కలుగుట తెలుగు ఉచ్చారణమున సహజము. ఈ రెండును గమనించినచో వరంగల్లు వేరొక నామము కాదనియు, ఓరుగల్లునకే రూపాంతర మనియు తోచును.

2021లో వరంగల్ పట్టణ జిల్లాకు హనుమకొండ యనియు, గ్రామీణ జిల్లాకు వరంగల్ అనియు పేర్లు మార్చిరి. కాకతీయుల రెండు రాజధానుల పేర్లును ఇట్లు రెండు జిల్లాల కమరినవి. ఇకమీదట శాసనస్థలములను పేర్కొను పరిశోధకులు ఏ కాలపు జిల్లాను ఉద్దేశించిరో స్పష్టముగా చెప్పుట యుక్తము.