పొలంలో దిగిన విమానం నేర్పే పాఠం

చదువు పూర్తిచేసి ఉద్యోగ వేటలో ఉన్నారా? అయితే మీలో చాలామంది పుట్టకముందు తిరుపతి దగ్గర జరిగిన ఓ సంఘటన మీకు పనికొస్తుంది.

1993 నవంబరు 15న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ300 విమానం మద్రాసు నుంచి హైదరాబాద్‌ బయల్దేరింది. అక్కడ రన్‌వే సరిగా కనిపించక, దిగే ప్రయత్నం మానుకుని మళ్లీ పైకి లేచింది. సరిగ్గా అప్పుడే రెక్కలకుండే ఫ్లాప్స్ పూర్తిగా లోపలికి వెళ్లకుండా ఇరుక్కుపోయాయి. పైలట్లు తిరిగి మద్రాసు దారి పట్టారు. ఫ్లాప్స్ బయటికి ఉంటే విమానం నెమ్మదిగానే వెళ్లాలి. ఇంధనం మాత్రం ఎక్కువ తాగుతుంది. మద్రాసు దాకా సరిపోదని తేలాక తిరుపతి వైపు తిప్పారు. రేణిగుంట రన్‌వే కూడా అందలేదు. చివరికి వరి పొలంలో దించేశారు. విమానంలోని 262 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

వెంకన్నే కాపాడాడని మనం అనుకోవడం సహజం. కానీ విమానయాన రంగం అక్కడితో ఆగదు. ‘ఎందుకిలా జరిగింది?’ అని అడుగుతుంది.

అదృష్టం అన్నిసార్లూ రాదు

1972 డిసెంబరు 29న అమెరికాలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం మయామీలో దిగబోతోంది. చక్రాల సంగతి చెప్పే చిన్న బల్బు వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరి దృష్టీ దానిమీదే. విమానం మెల్లగా కిందికి జారుతోందని ఎవరూ గమనించలేదు. 101 మంది చనిపోయారు.

ఆరేళ్ల తర్వాత, 1978 డిసెంబరు 28న పోర్ట్‌లాండ్‌లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానానిదీ ఇదే కథ. చక్రాల సమస్య చూసుకుంటూ గాల్లో చక్కర్లు కొడుతుంటే ఇంధనం అయిపోయింది. పది మంది మరణించారు. ఇంధనం తగ్గుతోందని తోటి సిబ్బందికి తెలుసు. కానీ కెప్టెన్‌కు గట్టిగా చెప్పలేకపోయారు.

మన రాష్ట్రానికీ ఈ చేదు అనుభవం ఉంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర్‌రెడ్డి చిత్తూరు జిల్లాకు వస్తుండగా హెలికాప్టర్ నల్లమలలో కూలింది. అయిదుగురు మరణించారు. దర్యాప్తు చేసిన త్యాగి కమిటీ ఏం చెప్పిందో చూడండి. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ సమస్యకు పరిష్కారం కోసం పైలట్లు ఆరు నిమిషాలకు పైగా మాన్యువల్ వెతకడంలో మునిగిపోయారు. ముంచుకొస్తున్న వాతావరణంపై తగినంత దృష్టి పెట్టలేకపోయారు.

మీకేం సంబంధం?

అందుకే పైలట్లకు మొదట నేర్పే వరుస ఇది: ముందు విమానాన్ని నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు. పోర్ట్‌లాండ్ ప్రమాదం తర్వాత యునైటెడ్ సంస్థ 1981లో ‘క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్’ శిక్షణ మొదలుపెట్టింది. పెద్దాయనకైనా సరే, ప్రమాదం కనిపిస్తే జూనియర్ సూటిగా చెప్పాలి. పెద్దాయన వినాలి. సారాంశం ఇంతే.

పరీక్ష హాల్లో ఒక్క లెక్క దగ్గర ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయి, వచ్చిన ప్రశ్నలు వదిలేశారా? మీ ఇంధనం గడియారంలో ఉందన్న మాట మరిచారన్నమాట. ప్రాజెక్టులో లోపం కనిపించినా ‘సార్‌కు తెలియదా’ అని ఊరుకున్నారా? పోర్ట్‌లాండ్ సిబ్బందీ గట్టిగా చెప్పలేదు. ‘టీమ్‌వర్క్ అంటే ఏమిటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, బట్టీపట్టిన నిర్వచనం కన్నా ఇలాంటి ఒక్క ఉదాహరణ మేలు.

ఈ రంగంలోకి రావాలంటే

భద్రత అంటే పైలట్ ఒక్కడి పనే కాదు. మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ గానీ, ఇంజినీరింగ్ గానీ చదివినవారు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా నిర్వహించే జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాసి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లోకి వెళ్లొచ్చు. ఇంటర్ ఎంపీసీ అయినవారికి డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థల్లో విమాన మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ దారి ఉంది. దరఖాస్తుకు ముందు తాజా నోటిఫికేషన్‌లో అర్హతలు, వయోపరిమితి చూసుకోండి.

ప్రమాద దర్యాప్తు ఉద్దేశం ఎవరినో దోషిగా నిలబెట్టడం కాదు, అది మళ్లీ జరక్కుండా చూడటమని అంతర్జాతీయ నిబంధనలే చెబుతున్నాయి. ఈసారి పరీక్ష పోతే మీరూ అదే చేయండి. ‘నా తలరాత’ అని కూర్చోకుండా ఎక్కడ, ఎందుకు పోయిందో ఓ కాగితం మీద రాసుకోండి. తర్వాతి ప్రయత్నానికి అదే మీ దర్యాప్తు నివేదిక.