విదేశంలో వుద్యోగం ఆయనొక్కరిదేనా?



మనింట్లో కొత్తగా పనిమనిషిని కుదుర్చుకుంటున్నామనుకోండి. ముందుగా ఏం మాట్లాడుకుంటాం? రెండు పూటలా అంట్లు తోమాలి, ఇల్లు వూడ్చి తడిగుడ్డ పెట్టాలి, బట్టలు వుతికి ఆరెయ్యాలి, పండగలకి కాస్త పని ఎక్కువుంటుంది, నెలకింత జీతం అని చెప్తాం. ఆ తర్వాత, ఈవిడ ఇంత పని చెయ్యగలదా, పొద్దున్నే ఆరింటికి రాగలదా అని అంచనా వేసుకుంటాం. పెద్ద కంపెనీలవాళ్ళు ఇదే సంగతి కాగితం మీద చేస్తారు. దాన్ని జాబ్ ఎనాలిసిస్ అంటారు. మనం పని విశ్లేషణ అనుకుందాం. ఒక వుద్యోగంలో ఏయే పనులున్నాయి, ఎవరికి జవాబు చెప్పుకోవాలి, దానికి ఏ చదువు, ఏ నేర్పు కావాలి అన్నవి విడివిడిగా రాసుకుని, ఆ కాగితానికి తగిన మనిషిని వెతుకుతారు.

ఇదంతా మనకెందుకు అంటారేమో! ఇవాళ మన వూళ్ళల్లో ఏ వీధిలో చూసినా ఒక కొడుకో, అల్లుడో వుద్యోగం మీద విదేశంలో వుంటున్నాడు. చాలా ఇళ్ళల్లో వెళ్ళేది అతనొక్కడే కాదు, వెనకాల భార్యాపిల్లలూ వెళతారు. అతని పనికి కాగితం వుంది. మరి ఆమె పనికి? దాన్ని రాసేవాళ్ళెవరు?

ముందు ఆఫీసు సంగతి చూద్దాం. గేర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్చి పండితుడు ఐ.బి.ఎం. కంపెనీకి దేశదేశాల్లో వున్న వుద్యోగుల అభిప్రాయాలు పరిశీలించాడు. 1967 నుంచి 1973 దాకా సేకరించిన ఆ ప్రశ్నపత్రాలు లక్షకు పైనే. 1980లో వాటిమీద పుస్తకం రాశాడు. పై అధికారికీ, కింది వుద్యోగికీ మధ్య వుండే ఎడాన్ని జనం ఎంతవరకూ సహజమనుకుంటారో అందులో అంకెలు వేసి చూపించాడు. మన దేశానికి వచ్చింది 77, అమెరికాకి 40, డెన్మార్కుకి 18. ఇవి ఒక్క కంపెనీ వుద్యోగులను బట్టి కట్టిన సగటు లెక్కలే గాని మనుషుల జాతకాలు కావు. అయినా దారి తెలుస్తుంది.

మన దగ్గర పెద్దాయన మాట్లాడుతూంటే అడ్డు చెప్పకపోవడం మర్యాద. అలాటి చోట్ల మీటింగులో నోరు విప్పకపోతే, ఇతనికి విషయం తెలీదు కాబోలు అనుకుంటారు. అధికారిని పేరు పెట్టి పిలవమంటారు, మనవాడికి నోరు రాదు. పదిహేనేళ్ళ అనుభవం వున్నవాడు కూడా తడబడిపోతాడు. సాయంత్రం ఇంటికొచ్చి ముభావంగా కూర్చుంటే, కూరలో వుప్పెక్కువైందేమోనని మనం కంగారు పడతాం! ఈ సంగతి ముందే తెలిస్తే, ఆ మౌనం మనమీద కోపం కాదని తెలుస్తుంది.

ఇక ఇంటి సంగతి. 1954 ఆగస్టు 3న బ్రెజిల్ దేశంలోని రియో డి జెనీరోలో మహిళా క్లబ్బువారి ఎదుట కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రజ్ఞుడు ప్రసంగించాడు. రేడియోలో కాదుగాని, మనలాటి ఆడవాళ్ళ సభలోనే. 'కల్చర్ షాక్' అనే మాట నలుగురి నోళ్ళలో పడడానికి ఆ ప్రసంగమే ముఖ్య కారణం. పరాయి దేశానికి మకాం మార్చిన వాళ్ళకి ఇదొక వృత్తిరోగం లాటిదని ఆయన చెప్పాడు. ఎందుకొస్తుంది? రోజూ మనకి తెలీకుండానే మనల్ని నడిపించే చిన్న చిన్న గుర్తులు పోతాయి కాబట్టి. పాలవాడి కేక, కూరల బండి దగ్గర బేరం, పిట్టగోడ మీంచి పక్కింటావిడ పలకరింపు. ఇవి లేని చోట మనసుకి కాలు నిలవదు.

దీనికి ఆయన నాలుగు మెట్లు చెప్పాడు. మొదట అంతా వింతగా, ముచ్చటగా వుంటుంది. తర్వాత చిరాకు, పగ. మనవాళ్ళే ఒకచోట చేరి ఆ దేశాన్ని ఆడిపోసుకోవడం ఈ మెట్టు మీదే. మూడో మెట్టులో భాష కొంచెం పట్టుబడి, తన కష్టం మీద తనే నవ్వుకోగలుగుతుంది. నాలుగోది, ఇదీ ఒక బతుకు తీరే అని ఒప్పుకోవడం. రెండో మెట్టు మీద వున్నప్పుడు ఇది జబ్బూ కాదు, చేతగానితనమూ కాదు, దాటిపోయే మెట్టు అని తెలిస్తే సగం భారం దిగుతుంది.

తర్వాత 1982లో రోజలీ టంగ్ అనే ప్రొఫెసరు, విదేశాలకి పంపిన వుద్యోగులు పని నెగ్గుకురాలేక ఎందుకు తిరిగొస్తున్నారని కంపెనీలనే అడిగి రాసింది. అమెరికా కంపెనీలు మొట్టమొదట చెప్పిన కారణం, భార్య అక్కడ ఇమడలేకపోవడం. యూరపు కంపెనీలదీ అదే మాట. జపాను కంపెనీల జాబితాలో మాత్రం అది అయిదోది.

ఈ మాట వినగానే తప్పంతా ఆడదాని మీదికే వచ్చినట్టుంటుంది. కాస్త నిదానంగా ఆలోచించండి. అతనికి దిగగానే కుర్చీ వుంది, తోటివాళ్ళున్నారు, ఏం చెయ్యాలో రాసిన కాగితముంది. ఆమెకి నాలుగు గోడలూ, ఒక తాళంచెవీ. ఇక్కడ స్కూల్లో పదేళ్ళు లెక్కలు చెప్పిన అమ్మాయి అక్కడ దిగగానే ఫలానా వారి భార్య అయిపోతుంది. లోపం ఆమెలో లేదు. ఆమె పనిని ఎవరూ విశ్లేషించలేదు, అంతే.

కనక ఆ కాగితం మనమే రాసుకోవాలి. మొదటి ప్రశ్న వీసా. అమెరికా సంగతే తీసుకోండి. భర్త హెచ్-1బి మీద వెళితే భార్యకి హెచ్-4 వస్తుంది. దాని మీద వచ్చినంత మాత్రాన వుద్యోగం చెయ్యడానికి లేదు. భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నం ఒక దశ దాటిన వారికి 2015లో పని అనుమతి అడిగే వీలు కల్పించారు. కంపెనీయే తన శాఖకి బదిలీ చేసి ఎల్-1 మీద పంపితే భార్యకి ఎల్-2 వస్తుంది. వాళ్ళకి 2002 చట్టంతోనే పని చేసుకునే దారి దొరికింది. రెండక్షరాల తేడా, ఒక జీవితమంత తేడా! అందుకే టిక్కెట్టు కొనకముందే ఏ వీసా, అప్పటికి నిబంధన ఎలా వుందీ అడగండి.

రెండోది, భాష నేర్పే ఏర్పాటు మీకు కూడా వుందా? మూడోది, పిల్లల బడి, డాక్టరు, ఇన్సూరెన్సు ఎవరు చూస్తారు? నాలుగోది, బ్యాంకు ఖాతాలో మీ పేరుంటుందా? అయిదోది, తిరిగొచ్చాక ఆయన కుర్చీ, మీ వుద్యోగం ఏమవుతాయి? మీ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు మీ దగ్గరే వుంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, రోజులో మీకంటూ ఒక గంట, మీకంటూ ఒక పని ఆ కాగితం మీద రాసుకోండి.

ఆడపిల్లని విదేశీ సంబంధానికి ఇచ్చేటప్పుడు అబ్బాయి జీతమెంతని అడుగుతాం. తప్పులేదు. దాంతోపాటు, అక్కడ మా అమ్మాయి పగలంతా ఏం చేస్తుంది అని కూడా అడుగుదాం. ఏమంటారు?